రెండు మొకాల చెక్క

నేను ఏదైనా సభకు వెళ్తే ముందు నా చీర ముడతలు వేదిక ఎక్కుతాయి, వాటి వెనక నేను ఎక్కుతాను. ఆ ముడతలను కొలవాలంటే సర్వే శాఖవాళ్లు గొలుసులు పట్టుకుని దిగాల్సిందే. ఒకసారి నరసరావుపేటలో నా హాస్య ప్రసంగం కాగానే నిర్వాహకులు పరుగున వచ్చి శాలువా కప్పారు. అది సన్మానం కోసం కాదని, చీరను కనపడకుండా చేయడానికని నాకు ఇప్పటికీ అనుమానం. మా ఆయన తన చొక్కాలు తనే ఇస్త్రీ చేసుకుంటూ, పనిలో పనిగా నీ చీర కూడా లాగించేస్తానని పెళ్లైన కొత్తలో అన్నాడు. వద్దన్నాను. బద్ధకం అని అందరికీ చెప్పుకుంటాను. బద్ధకం అంటే ఎవరైనా నమ్ముతారు, మళ్లీ ప్రశ్న వేయరు. అసలు సంగతి వేరు. నాకు పద్నాలుగో ఏట నుంచి ఇస్త్రీ అంటే భయం. ఇస్త్రీ పెట్టె అంటే కూడా కాదు, దాని కింద పెట్టే చెక్క అంటే.

ఆ చెక్క గురించి మొన్న సలోమి ఫోను చేసింది. సలోమి మా మార్త పెద్దమ్మ దగ్గర కుట్టు నేర్చుకుని, ఇప్పుడు మాచర్లలోనే సొంతంగా షాపు పెట్టుకున్న పిల్ల. రక్త సంబంధం ఏమీ లేదు, పెద్దమ్మను అమ్మమ్మా అని, నన్ను పిన్నీ అని పిలిచి పిలిచి చుట్టమైపోయింది. పెద్దమ్మ కుట్టు గది ఉన్న మేడను పగలగొట్టి కాంప్లెక్సు కడుతున్నారట, గది ఖాళీ చేయాలట. మిషను, కత్తెరలు, పేలికల మూటలు అన్నీ తన షాపుకు మోయించుకుంది గానీ, తలుపు వెనక చెక్కను మాత్రం పెద్దమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదట. "బుజ్జి వస్తేనే దాన్ని కదిలించేది అంటుంది పిన్నీ. ఏముందో ఏమో దాంట్లో, పాత లారీ చెక్కేగా," అంది సలోమి. బుజ్జి అంటే నేనే. పెద్దమ్మకు తెలుసు, ఇన్నేళ్లూ తెలిసే ఊరుకుంది, ఇప్పుడు పిలిచి అడగబోతోంది అనుకున్నాను.

మార్త పెద్దమ్మ మా అమ్మకు అక్క. ఆమెకు పిల్లలు లేరు. మాది కారంపూడి దాటి లోపలికి పోయే పల్లె కావడంతో, హైస్కూలు చదువుకని నన్ను మాచర్లలో ఆమె దగ్గర పెట్టారు. స్టేషను రోడ్డులో ఒక మేడ, ఆ మేడకు బయటి నుంచి మెట్లు, ఆ మెట్ల కింద పెద్దమ్మ కుట్టు గది. మేం ఉండే గది వెనకవైపు వేరే ఉండేది గానీ, నా చదువూ తిండీ సగం నిద్రా ఈ మెట్ల కిందే. మెట్లు పైన ఎలా దిగుతూ వచ్చాయో లోపల కప్పు కూడా అలాగే దిగుతూ వచ్చేది. గుమ్మం దగ్గర మనిషి నిలబడొచ్చు, మధ్యలోకి వస్తే వంగాలి, ఆ చివరకు వెళ్తే ఇక మోకరించి ప్రార్థన చేసుకోవడమే. పొడుగు ఆరడుగులు, వెడల్పు నాలుగు. అగ్గిపెట్టెలో పుల్లలైనా కాస్త దొర్లుతాయి, మా గదిలో ఒకరు తుమ్మాలంటే రెండోవాళ్లు బయటికి వెళ్లి చోటివ్వాలి. ఆ చోటులోనే కుట్టు మిషను, గుడ్డలు కత్తిరించే పీట, దారపు ఉండల డబ్బా, కుట్టాల్సిన బట్టల కొండ, కుట్టిన బట్టల కొండ, ఈ రెండు కొండల మధ్య కనుమలో పెద్దమ్మ.

ఇక ఆ గదిలో ఇస్త్రీ ఎక్కడ చేయాలి? దానికి జవాబు యోహాను పెద్దనాన్న తెచ్చాడు. ఆయన నాపరాళ్ల లారీ డ్రైవరు. ఓనరు పాత లారీకి వెనక డోరు మార్పిస్తుంటే, విరిగిన డోరులోంచి మంచి పలక ఒకటి కోయించి భుజాన వేసుకొచ్చాడు. రెండు మూరల పొడుగు, మూరెడు వెడల్పు, ఎద్దు తొక్కినా చెక్కుచెదరని చెక్క. దాని ఒక చివర మిషను బల్ల మీద, రెండో చివర కిటికీ గూట్లో ఆనేట్టు కొలిచి మరీ కోయించాడు. ఒకటే ఇబ్బంది. చెక్క వేస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరవాలంటే చెక్క తీయాలి. ఇస్త్రీ మొదలైందంటే లోపలివాళ్లు లోపలే, బయటివాళ్లు బయటే. ఊళ్లో కర్ఫ్యూ అన్న మాట పేపర్లో చదివినప్పుడు నాకు అర్థం అడగాల్సిన పని పడలేదు. కొలతలిచ్చేవాళ్లు, తొందర పెట్టేవాళ్లు, ఊరికే ముచ్చట్లకు వచ్చేవాళ్లు అందరూ కిటికీ బయట నిలబడి మాట్లాడేవాళ్లు.

చెక్క ఒక్కటే కాదు, దానికి పరివారం ఉండేది. భుజాల దగ్గరా చంకల దగ్గరా గుండ్రంగా ఇస్త్రీ చేయడానికి ఊక కూరిన దిండు ఒకటి. చొక్కా చేతుల్లో దూర్చడానికి గుడ్డ చుట్టిన పాత రోకలి ఒకటి. కాలరు మీద ఆవిరి పోకముందే దబదబా కొట్టడానికి చింతమొద్దు దిమ్మ ఒకటి. ఇస్త్రీ పెట్టె ఇత్తడిది, మూత గడియ మీద చిన్న కోడిపుంజు బొమ్మ ఉండేది. బరువు అంటారా, ఓడకు లంగరుగా వాడుకోవచ్చు. పొద్దున్నే తుమ్మబొగ్గులు రాజేసి, విసనకర్రతో విసిరి, నిప్పులు పెట్టెలో పోసి, ఆ కోడిపుంజును కిందికి నొక్కితే లోపల బొగ్గులు చిటపటమనేవి. పెద్దమ్మ చెంబులో నీళ్లు నోట్లో పోసుకుని 'ఫుర్ర్' మని బట్ట మీద ఊదేది. సగం బట్ట మీద, సగం నా లెక్కల నోటుబుక్కు మీద. ఆ తడి మీద పెట్టె పెట్టగానే ఆవిరి లేచి, గంజి వాసన, బొగ్గు వాసన, కొత్త గుడ్డలోని మిల్లు వాసన కలిసి కప్పుకు కొట్టుకుని మళ్లీ మా మీదే దిగేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నా వీపు దానంతటదే వంగుతుంది, తల మెట్టుకు తగులుతుందని.

ఆ చెక్కకు రెండు మొకాలు. ఒక పక్క కంబళి పరిచి పైన ఎర్ర గళ్ల గుడ్డ లాగి మేకులు కొట్టి ఉండేది. దాన్ని ఎర్ర మొకం అనేది పెద్దమ్మ. రెండో పక్క అలాగే కంబళి, పైన తెల్ల మల్లు గుడ్డ. అది తెల్ల మొకం. ఎర్ర మొకం బతికినవాళ్ల బట్టలకు, తెల్ల మొకం చనిపోయినవాళ్ల బట్టలకు. మా వాళ్లలో మనిషి పోతే కొత్త బట్టలు కుట్టి తొడిగి శవపెట్టెలో పెడతారు, ఆ బట్టలు చాలావరకు పెద్దమ్మ దగ్గరికే వచ్చేవి. బతికినవాళ్లను టేపుతో కొలిచేది, పోయినవాళ్లను తెల్ల దారంతో. ఆ దారాన్ని వాళ్లతోనే పెట్టెలో వేసేది, ఇంటికి తెచ్చేది కాదు. తెల్ల మొకం పైన ఉన్నంతసేపు గదిలో తినకూడదు, పాడకూడదు. బతికున్న మనిషి బట్ట పొరపాటున కూడా దాని మీద పడకూడదు. ఈ పద్ధతి బైబిల్లో ఎక్కడుంది మార్తమ్మా అని పాస్టరుగారి భార్య ఒకసారి కిటికీలోంచి అడిగితే, బైబిల్లో ఇస్త్రీ పెట్టె కూడా లేదు కదమ్మా అంది. ఈ పట్టింపు ఊరందరికీ తెలుసు. అందుకే చర్చికి పోయేవాళ్లూ గుడికి పోయేవాళ్లూ మసీదుకు పోయేవాళ్లూ అందరూ పెళ్లి బట్టలకు ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ఎర్ర మొకం అందరికీ ఒకటే.

యోహాను పెద్దనాన్న మనిషి ఎంత ఉండేవాడంటే, మా గదిలోకి ఆయన వచ్చాడని ఎవరూ అనేవాళ్లు కాదు, గదిని తొడుక్కున్నాడు అనేవాళ్లు. నవ్వితే స్టేషన్లో గార్డు జెండా ఎత్తేవాడని చెప్పుకునేవాళ్లు. ఖాకీ చొక్కా తప్ప ఒంటిమీద ఇంకోటి ఎరగడు. క్రిస్మసుకు కూడా లోడు మీదే ఉండేవాడు. దానికి ఇస్త్రీ అక్కర్లేదు, నాపరాయి దుమ్మూ చెమటా కలిసి గట్టిపడి, విప్పి మూలన నిలబెడితే నిలబడేది. ఊరందరికీ ఇస్త్రీ చేసే మనిషి మొగుడు ఇస్త్రీ బట్ట కట్టింది పెళ్లినాడు ఒక్కరోజేనని పెద్దమ్మ దెప్పేది. అట్లాంటి మనిషికి ఓనరు కొత్త లారీ కొని తాళాలు చేతిలో పెట్టాడు. మొదటి లోడుకు కొత్త చొక్కా వేసుకోవాల్సిందేనని పెద్దమ్మ పట్టుబట్టి ఆకాశం రంగు గుడ్డ తెచ్చి కుట్టింది.

లారీ బయల్దేరాల్సిన రోజు పొద్దున్నే పాత హెడ్మాస్టరుగారు పోయారని కబురొచ్చింది. పెద్దమ్మ తెల్ల మొకం పైకి వేసి, ఆయనకు కుట్టాల్సిన గుడ్డను ముందుగా సాపు చేసి, దారపు ఉండ చేతిలో పట్టుకుని కొలతకు వెళ్లింది. పోతూ పోతూ, మీ పెద్దనాన్న చొక్కా ఎర్ర మొకం మీద చేసిపెట్టు అని చెప్పింది. నేను కథల పుస్తకం చదువుకుంటూ ఊఁ అన్నాను. బొగ్గులు ఇంకా రాజుకునే ఉన్నాయి. కిటికీలోకి పెద్దనాన్న తల వచ్చింది, గదిలో వెలుతురు పోయింది.

"అయిందా బుజ్జీ? ఓనరు కొబ్బరికాయ పట్టుకుని నిలబడుండాడు. ఆయన చెయ్యి పడిపోయేట్టుంది."

కాలేదని చెప్పలేక, అవుతోందన్నాను. చెక్క తిప్పాలంటే ఎంత పనో చెప్పాలి. కాలుతున్న పెట్టెను దించాలి, దించడానికి కింద చోటు చేయాలి, చోటు చేయాలంటే దిండు, రోకలి, దిమ్మ మిషను మీదికి ఎక్కించాలి, మిషను మీది బట్టల కొండను నెత్తిన పెట్టుకోవాలి, హెడ్మాస్టరుగారి తెల్ల గుడ్డ నలగకుండా నోట్లో పట్టుకోవాలి, అప్పుడు చెక్క ఎత్తి, అది అడ్డంగా తిరగదు గనక తలుపు తెరిచి, సగం రోడ్డు మీదికి తోసి తిప్పి, మళ్లీ లోపలికి లాగాలి. పదకొండు అంచెలు. ఒక్క చొక్కాకు ఏమవుద్దిలే అనుకున్నాను. ఆ మాట నేను పైకి అనలేదు, లోపలే అనుకున్నాను, అయినా ఈ రోజుకీ నా చెవికి పైకి అన్నట్టే వినిపిస్తుంది. తెల్ల గుడ్డను మడిచి పక్కన పెట్టి, తెల్ల మొకం మీదే ఆకాశం రంగు చొక్కా పరిచి, గబగబా లాగేసి, కిటికీలోంచి అందించాను. ఆయన రోడ్డు మీదే ఖాకీ విప్పి అది తొడుక్కున్నాడు. గుండెల మీద అరచేత్తో రాసుకున్నాడు.

"వేడిగా ఉందే బుజ్జీ. లోపల ఇంకో మనిషి ఉన్నట్టుంది," అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

ఆయన మలుపు తిరిగాక అప్పుడు భయమేసింది. పదకొండు అంచెలూ చేసి చెక్కను ఎర్ర మొకానికి తిప్పాను. పెద్దమ్మ వచ్చేసరికి ఎర్ర మొకం పైన ఉంది. చేశావా అంది. చేశానన్నాను. అబద్ధం కూడా కాదు, అదే నన్ను ఎక్కువగా తినేసింది.

ఇక్కడ మాత్రం నాకు పెంచి చెప్పడం చేతకాదు. నాలుగో రోజు పొద్దున కబురొచ్చింది. దిగుడు రోడ్డులో గేదె అడ్డమొచ్చిందని పెద్దనాన్న బ్రేకు వేశాడట. లారీ ఆగింది. వెనక రాళ్లు ఆగలేదు.

ఆయనకు బట్టలు పెద్దమ్మే కుట్టింది. దారంతో కొలవలేదు, కొలతలు అక్కర్లేదంది. కుట్టడం అయ్యాక నేను బొగ్గులు రాజేయబోతే, వద్దంది. ఊళ్లో పోయినవాళ్లందరినీ ముడత లేకుండా పంపిన మనిషి, ఆయన్ని ముడతల చొక్కాతోనే పెట్టెలో పెట్టించింది. చూసినవాళ్లు దుఃఖం అనుకున్నారు. ఆ వారం తర్వాత చెక్కను తలుపు వెనక గోడకు ఆనించి పెట్టేసింది, ఎర్ర మొకం గోడవైపుకు, తెల్ల మొకం మావైపుకు. మళ్లీ ఎప్పుడూ దాని మీద ఇస్త్రీ చేయలేదు. నాపబండ మీద బొంత మడిచి వేసి నేల మీద కూర్చుని చేసుకునేది. లారీ చెక్క కదా, మొగుడు గుర్తొస్తున్నాడు పాపం అనుకున్నారు అందరూ. చావు బట్టలు కుట్టడం కూడా మానేసింది. ఇంకోటి కూడా మానేసింది. నా స్కూలు యూనిఫాం ఇస్త్రీ చేయడం.

అది చాలు నాకు, ఆమెకు తెలిసిపోయిందనడానికి. ఊరి బట్టలన్నీ నేల మీద సాపు చేసి, నావి మాత్రం తీగ మీంచి తీసినవి తీసినట్టు చేతిలో పెట్టేది. ముడతల గౌనుతో బడికి పోతుంటే అది నాకు వేసిన శిక్ష అనుకున్నాను. న్యాయంగానే ఉందనిపించింది. నేనూ అడగలేదు, ఆమే చెప్పలేదు. అదొక్కటే కాదు. ఆ ఏడాది మాచర్లలో ఎవరు పోయినా, పెద్దమ్మ మిషను తొక్కడం ఆపి, ఆ మనిషి బట్టలు మన దగ్గర కుట్టినవేనా అని అడిగేది. అవునంటే ఆ పూట అన్నం తినేది కాదు. నేను నోట్లో ముద్ద పెట్టుకుని తలుపు వెనక్కి చూసేదాన్ని. తెల్ల మొకం మసకలో తెల్లగా నిలబడి ఉండేది. వానాకాలంలో చెమ్మకు ఉబ్బి టక్ మనేది, ఎండాకాలంలో ఎండి టక్ మనేది. నాకు మాత్రం ఎప్పుడూ ఒకటే వినిపించేది, లోపల ఇంకో మనిషి ఉన్నట్టు. పదో తరగతి అయ్యేదాకా ఆ చెక్కకు వీపు పెట్టి కూర్చోలేదు. ఆ తర్వాత గుంటూరు కాలేజీ, ఉద్యోగం, పెళ్లి, హాస్యం. ముప్పై ఎనిమిదేళ్లు. జనం నవ్వుతుంటే వేదిక మీద నా చేయి దానంతటదే కొంగు ముడతల మీదికి పోయేది, అవి అక్కడే ఉన్నాయో లేదో చూసుకోవడానికి.

గుంటూరు నుంచి మాచర్ల బస్సులో కూర్చున్నంతసేపూ చెప్పాల్సిన మాటను సాధన చేశాను. పెద్దమ్మకు ఎనభై దగ్గరపడుతోంది. ఆ చెక్క మేస్త్రీల పొయ్యిలోకి పోతే సాక్ష్యం కూడా మిగలదు. ఈసారి చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పను. పిడుగురాళ్ల దగ్గర చాలా బాగా చెప్పాను, పక్క సీటావిడ కూడా తలూపింది. మాచర్ల స్టాండులో దిగేసరికి ఒక్క మాట గుర్తులేదు.

ముందు సలోమి షాపుకు వెళ్లాను. అది కూడా చిన్నదే, కాకపోతే నిటారుగా నిలబడొచ్చు. గోడకు మడిచి పెట్టే బల్ల, దాని మీద ఆన్‌లైన్‌లో తెప్పించిన ఊలు మ్యాటు, పక్కన అరచేతిలో పట్టే కరెంటు ఇస్త్రీ పెట్టె. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని ఆ మ్యాటును పోలీసువాడు దొంగ సరుకును చూసినట్టు చూస్తోంది. మనిషి చిక్కిపోయింది గానీ నోరు అలాగే ఉంది.

"అప్పడాల పీటంత ఉంది. దీని మీద చొక్కా చేయాలంటే ముందు చొక్కాని ముక్కలు చేసుకోవాల," అంది.

"ముక్కలుగా ఉన్నప్పుడే చేసుకోవాల అమ్మమ్మా. ఒక్కో కుట్టు వేసినప్పుడల్లా అక్కడికక్కడే ఇస్త్రీ. చివర్లో పనే ఉండదు," అంది సలోమి, ఒక జాకెట్టు భుజం కుట్టును విడదీసి పెట్టె ఆనించి చూపిస్తూ.

పెద్దమ్మ ఆ కుట్టును వేలితో తడిమి చూసింది. బాగుందని ఒప్పుకోవడం ఇష్టంలేక, దీనికి రెండో పక్క ఏందని అడిగింది. రెండు పక్కలా ఒకటేనని, ఒక పక్క చెమ్మగిల్లితే తిప్పుకోవడమేనని సలోమి చెప్పింది. పెద్దమ్మ మ్యాటును తనే ఒకసారి తిప్పి చూసింది. తర్వాత లేచి, పోదాం పదవే అంది నాతో.

ఖాళీ అయ్యాక మెట్ల కింద గది ఇంకా చిన్నదయింది. సామాను ఉన్నప్పుడే పెద్దగా కనిపించేదేమో. గోడ మీద పెట్టె మసి మచ్చలు, మూలన పాత బొగ్గు పొడి. తలుపు మూస్తే వెనక అది. నేను పట్టుకుంటే చల్లగా ఉంది, ఏ చెక్కైనా అలాగే ఉంటుంది. గుమ్మంలో రెండు ఇటుకల మీద పెట్టాను. పెద్దమ్మ మెట్టు మీద కూర్చుని సంచిలోంచి పట్టకారు తీసి ఇచ్చింది.

"మేకులు పీకు. రెండు పక్కలా విప్పు. నువ్వే విప్పాల," అంది.

ముందు తెల్ల మొకం విప్పాను. తుప్పు మేకులు ఒక్కొక్కటీ కీచుమంటూ వచ్చాయి. తెల్ల గుడ్డ పొరలుగా రాలింది. దాని కింద కంబళి అరిగి అరిగి నడిమధ్య చెక్క కనిపించేంత పల్చగా ఉంది. పోయినవాళ్ల బట్టలు ఏడాదికి ఎన్ని వస్తాయి, ఇంత అరగడానికి? ఇంకో చోట కంబళిలోకి స్కూలు చొక్కా గుండీ ఒకటి కరిగి అతుక్కుపోయి ఉంది. చివరి మేకు కింద చిన్న పేలిక మిగిలి ఉంది. ఎర్ర గళ్లది. నేను దాన్ని చూస్తూ ఉండిపోయాను. తిప్పి రెండో పక్క ఎర్ర గుడ్డ విప్పాను. దాని కింద కంబళి ఒత్తుగా, ఇంకా కొత్తదనం పోకుండా ఉంది.

"పెద్దమ్మా, ఇదేంది?"

పెద్దమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. అప్పుడు చెప్పింది. ఆయన పోవడానికి ఆర్నెల్ల ముందు, క్రిస్మసు దగ్గరపడుతుండగా ఎర్ర మొకం కంబళి పూర్తిగా అరిగిపోయి, నల్ల ప్యాంట్ల మీద కుట్లన్నీ అచ్చు పడి మెరుస్తున్నాయని జనం తిరిగి తెచ్చి ఇచ్చారట. పండగ నెత్తిమీద ఉంది, కొత్త కంబళి తెచ్చేదాకా ఆగే వీల్లేదు. తెల్ల మొకం కంబళి చూస్తే మెత్తగా అలాగే ఉంది, వాడకం తక్కువ కదా. అందుకని పైగుడ్డలు విప్పి అటుదిటు మార్చి కొట్టేసింది. ఎర్ర గుడ్డ చచ్చినవాళ్ల పక్క మీదికి, తెల్ల గుడ్డ బతికినవాళ్ల పక్క మీదికి. చూసేవాళ్లకు ఎర్ర మొకం ఎర్ర మొకమే.

"గుడ్డ మారిస్తే పక్క మారుద్దిలే అనుకున్నా. ఊరంతటికీ నీతులు చెప్పి నేను చేసిన పని అది," అంది. "ఆర్నెల్లు ఊరి బట్టలన్నీ చచ్చినోళ్ల పక్క మీద లాగినా. ఎవురికీ ఏం కాలా. ఆయన ఒక్క చొక్కా ఏసుకున్నాడు నా చేతిది. ఒకే ఒక్కటి. నేనే చంపుకున్నానే బుజ్జీ."

ఆమె చెప్పుకుపోతూనే ఉంది. తర్వాత ఎవరు పోయినా తన లెక్కలోనే వేసుకుందట. ఉన్న ఒక్క పిల్ల ఒంటికి తన చేతి ఇస్త్రీ తగలకూడదని నా యూనిఫాం ముట్టుకోలేదట. బడికి ముడతలతో పోతుంటే కిటికీలోంచి చూసి ఏడ్చేదట. మళ్లీ విప్పి సరిచేద్దామంటే చేయి రాలేదట.

బస్సులో సాధన చేసిన మాట ఒక్కటీ పనికిరాలేదు. మామూలుగానే చెప్పాను. ఆ పొద్దున నేను చెక్క తిప్పలేదని, తెల్ల మొకం మీదే లాగేశానని, ఆ తర్వాత ఎర్ర మొకానికి తిప్పి పెట్టానని. పెద్దమ్మ నా మొహం చూడలేదు. చెక్కకేసి చూసింది. లేచి వచ్చి, వంగి, దాన్ని తనే ఒక పక్కకు తిప్పింది, మళ్లీ తిప్పింది.

"ఎర్ర గుడ్డ కింద చచ్చినోళ్ల పక్క," అంది, వేలు పెట్టి. "తెల్ల గుడ్డ కింద బతికినోళ్ల పక్క. నువ్వు తెల్ల గుడ్డ మీద చేసినావు."

"అవును."

"అంటే ఆ ఆర్నెల్లలో ఊళ్లో బతికున్నోళ్ల బట్టలన్నిట్లో బతికినోళ్ల పక్క మీద ఇస్త్రీ అయింది ఆయన చొక్కా ఒక్కటే."

ముందు నవ్వింది ఎవరో నాకు గుర్తులేదు. నేనే అయ్యుంటాను, అదే నా వృత్తి. పెద్దమ్మ చెక్కను పట్టుకుని నవ్వింది, పళ్లు లేని నోటితో, భుజాలు ఊగేట్టు. నేను తల పైకెత్తి మెట్టుకు కొట్టుకుని ఇంకా నవ్వాను. సలోమి ఏమైందోనని పరుగెత్తుకొచ్చి రోడ్డు మీద నిలబడిపోయింది. అలా ఎంతసేపో. ఉన్నట్టుండి పెద్దమ్మ ఆగింది.

"మరైతే ఆయన ఎందుకు పోయాడే?"

ముప్పై ఎనిమిదేళ్లు ఇద్దరి దగ్గరా సమాధానం ఉంది, ఎవరిది వాళ్ల దగ్గర, తలుపు వెనక పెట్టుకుని. ఇప్పుడు ఇద్దరం విప్పి చూసుకున్నాం, లోపల ఉన్నది అరిగిన కంబళి. దిగుడు రోడ్డు, గేదె, బ్రేకు. అంతే. దానికన్నా నా చేతి తప్పన్నదే నయంగా అనిపించింది ఆ నిమిషంలో. ఆమెకూ అలాగే అనిపించి ఉండాలి. కంబళి ముక్కలను ఒకచోటికి ఊడ్చి, మళ్లీ చెదరగొట్టి, మళ్లీ ఊడ్చింది.

చెక్కను సలోమి తన షాపుకు మోసుకుపోయింది. మంచి చెక్క, కొత్త మ్యాటు కిందికి సరిపోతుందంది. దుమ్ము తుడిచి బల్ల మీద వేస్తే రెండు పక్కలా ఒకేలా ఉంది. మేకుల బొక్కలు అటూ అవే, ఇటూ అవే. ఏది ఏ మొకమో పెద్దమ్మకు కూడా తెలియలేదు. రెండుసార్లు తిప్పి చూసి వదిలేసింది. తర్వాత నా కొంగు పట్టి లాగింది. ఇట్టాగేనా ఊరూరూ తిరిగేది అంటూ, నేను కట్టుకున్న చీరనే, నేను నిలబడి ఉండగానే, కొంగును ఆ ఉత్త చెక్క మీద పరిచి, సలోమి చిన్న ఇస్త్రీ పెట్టెతో అంచు నుంచి మొదలుపెట్టింది. నేను కదల్లేదు. ఒక్కో మడతా విప్పి, ఒక్కో ముడతా అదిమి, నెమ్మదిగా చేసింది. అయ్యాక కొంగును నా భుజం మీద తనే వేసింది.

"ఆ పొద్దున నేను లేనుగా," అంది, పెట్టెను నిలబెట్టి. "పోతా పోతా ఏమన్నాడు?"

ఇన్నేళ్లలో ఆ మాట ఆమెకు అందలేదని నాకు అప్పుడు తట్టింది. కిటికీ బయట రోడ్డు మీద చొక్కా తొడుక్కుని ఆయన అన్న మాట నా దగ్గరే ఉండిపోయింది.

"వేడిగా ఉందే అన్నాడు. గుండెల మీద ఇట్టా రాసుకున్నాడు. లోపల ఇంకో మనిషి ఉన్నట్టుంది అన్నాడు."

పెద్దమ్మ చెక్క మీద ఇప్పుడే కొంగు పరిచిన చోట అరచేయి ఆనించింది. అక్కడ వేడి చల్లారేదాకా తీయలేదు.